ఆలస్యమే అమృతమైన చోట

శత్రుదేశాన్ని దెబ్బతీయడానికి దాని డబ్బును దొంగచాటుగా అచ్చువేయడం పాత యుద్ధతంత్రమే. దొంగనోట్లు పెరిగితే జనం అసలు నోటును కూడా అనుమానిస్తారు. నాజీ జర్మనీ 1939లో బ్రిటిష్ పౌండ్ మీద ఈ ఉపాయం పన్నింది. విమానాల నుంచి నోట్లు వెదజల్లాలన్నది మొదటి ఆలోచన. అది మధ్యలో ఆగిపోయింది. 1942లో ఎస్.ఎస్. అధికారి బెర్న్‌హార్డ్ క్రూగర్ దాన్ని మళ్లీ చేపట్టాడు. ఈసారి లక్ష్యం గూఢచర్యానికి ఖర్చులు రాబట్టడం. పనిచేయాల్సింది నిర్బంధ శిబిరాల్లోని యూదు ఖైదీలు.

నాటి ఐదు పౌండ్ల నోటు చూడడానికి తేలికైనదే: తెల్ల కాగితం, ఒకవైపే నల్లసిరా అచ్చు. కష్టమంతా కాగితంలో ఉంది. దాన్ని నార గుడ్డల గుజ్జుతో చేసేవారు. జర్మన్లు కొత్త గుడ్డతో చేసిన కాగితం మామూలు వెలుతురులో అసలుదానిలాగే ఉన్నా, అతినీలలోహిత కాంతిలో రంగు తేడా బయటపడింది. బ్రిటిష్‌వారు వాడేసిన గుడ్డలు వాడుతున్నారని అప్పుడు తెలిసింది. జర్మన్లు కూడా గుడ్డను ముందు మురికి చేసి, ఉతికి, ఆపైన గుజ్జు చేశారు. వెలుతురుకు ఎత్తిపడితే కనిపించే వాటర్‌మార్కు కుదరడానికీ, వరుస సంఖ్యల క్రమం పట్టుకోవడానికీ చాలాకాలం పట్టింది.

బెర్లిన్ దగ్గరి జాక్సెన్‌హౌజెన్ శిబిరంలో 18, 19 నంబర్ల షెడ్లకు విడిగా ముళ్లకంచె వేశారు. అచ్చు, చెక్కడం పనులు వచ్చినవారినీ, బ్యాంకు ఉద్యోగులనూ వివిధ శిబిరాల నుంచి ఏరి తెచ్చారు. మొత్తం సుమారు 140 మంది. స్లొవాకియా ముద్రాపకుడు అడాల్ఫ్ బుర్గర్ వారిలో ఒకడు. తోటి యూదులు తరలింపు తప్పించుకునేలా దొంగ బాప్టిజం పత్రాలు అచ్చువేసినందుకు అతన్ని అరెస్టు చేశారు. భార్య గిసెలాను ఔష్విట్జ్‌లో చంపేశారు.

అచ్చయిన నోటు కొత్తగా కనిపిస్తే అనుమానం వస్తుంది. అందుకే ఖైదీలు వరుసగా నిలబడి, మురికి చేతులతో ఒకరి నుంచి ఒకరికి నోట్లు అందించుకుంటూ మడిచేవారు, నలిపేవారు. వెనకవైపు ఇంగ్లిష్ పేర్లు రాసేవారు. అప్పట్లో బ్రిటిష్ బ్యాంకుల్లో నోట్లను గుండుసూదితో గుచ్చి ఉంచే అలవాటుండేది గనుక సూది రంధ్రాలూ పెట్టేవారు. అలా దాదాపు 89 లక్షల నోట్లు తయారయ్యాయి. ముఖవిలువ 13 కోట్ల పౌండ్లు దాటింది. వాటిలో మేలైనవే చలామణికి వెళ్లాయి. అంకారాలో బ్రిటిష్ రాయబారి రహస్యాలను అమ్మిన పనివాడికి జర్మన్లు చెల్లించిన సొమ్ములో అధికభాగం ఈ నోట్లే. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1943లో పది పౌండ్లు, ఆపై విలువ నోట్ల జారీయే మానేసింది.

ఆ షెడ్లలో తిండి మెరుగ్గా ఉండేది, పరుపులుండేవి, సిగరెట్లిచ్చేవారు. అయితే జబ్బు ముదిరినవారిని ఆసుపత్రికి పంపితే రహస్యం పొక్కుతుందని చంపేశారు. పని ముగిస్తే తమకూ అదే గతి అని అందరికీ తెలుసు. బాగా చేయకపోతే చావు, పూర్తిచేస్తే చావు. పౌండ్ల తర్వాత దొంగ డాలర్లు అచ్చువేసే పని అప్పగించినప్పుడు డచ్చి ఖైదీ అబ్రహాం యాకబ్‌సన్ చేసింది ఈ సందర్భంలోనే అర్థమవుతుంది. అచ్చుపలక మీద పూసే గెలటిన్‌ను అతను మళ్లీ మళ్లీ చెడగొట్టాడు. నెలలు గడిచాయి. డాలరు నమూనా కుదిరేనాటికి 1945 వచ్చేసింది, సోవియట్ సేనలు దగ్గరపడుతున్నాయి. నన్నడిగితే ఆ యుద్ధంలో నిజమైన తెగువల్లో ఇదొకటి.

ఖైదీలను ఆస్ట్రియాకు తరలించారు. నోట్ల పెట్టెలను టోప్లిట్జ్ సరస్సులో పడేశారు. అందరినీ ఎబెన్‌జే శిబిరంలో ఒకేసారి చంపాలని ఆదేశం వచ్చింది. ట్రక్కు చెడిపోవడంతో చివరి జట్టు నడిచి వెళ్లాల్సి వచ్చింది. వాళ్లు చేరేలోపు కాపలాదారులు పారిపోతున్నారు. 1945 మే తొలివారంలో అమెరికా సైన్యం శిబిరాన్ని విడిపించింది.

యుద్ధం తర్వాత క్రూగర్ విచారణలో కొందరు మాజీ ఖైదీల వాంగ్మూలాలు అతనికి అనుకూలంగా పనికొచ్చాయి. ఆపైన అతను, ఆ నోట్లకు కాగితం చేసిన కంపెనీలోనే ఉద్యోగం చేశాడు. ఖైదీల పట్ల అతను చూపిన మర్యాద వల్ల కొందరు బతికిన మాట నిజం. ఆ మర్యాద అతని పని సాగడానికి అవసరమైనదన్న మాట అంతకన్నా నిజం. బుర్గర్ మాత్రం మౌనంగా ఉండలేదు. ఆ అనుభవాలను పుస్తకంగా రాశాడు, జర్మన్ యువతకు చెబుతూ వచ్చాడు. 2016లో ప్రాగ్‌లో కన్నుమూశాడు.