అభ్యుదయమునకు కొలబద్ద యేది?
దక్షిణ అమెరికా రాక్ సంగీతముపై ఒక పరిశీలన

1967 జూలై 17వ తేదీన బ్రెజిల్ దేశములోని సావో పావులో నగరవీథులలో ఒక వింత ఊరేగింపు సాగినది. ధరలు తగ్గింపుడనియో, కూలి పెంచుడనియో కోరిన ఊరేగింపు కాదది. ఎలక్ట్రిక్ గిటారు అను వాద్యమునకు వ్యతిరేకముగా సంగీతకారులు జరిపినది. సుప్రసిద్ధ గాయని ఎలిస్ రెజీనా అగ్రభాగమున నడచినది. పరదేశములనుండి దిగుమతియైన ఆ తీగల రొద స్వదేశగానమును మ్రింగివేయునేమో యని వారి భయము. పొరుగింటి పుల్లకూర రుచియని యువకులు భ్రమపడుచున్నారని వారి ఆవేదన. ఆనాడు నడచినవారిలో జిల్బెర్టో జిల్ అను యువగాయకుడును ఉండెను.

మూడు మాసములు గడచినవి. అక్టోబరులో అదే నగరమున ఒక టెలివిజన్ సంస్థ జరిపిన పాటల పోటీలో జిల్ వేదిక నెక్కి ‘దొమింగో నో పార్కే’ అను పాట పాడెను. ఆయన వెంట నిలిచినది ఎలక్ట్రిక్ గిటారులు పట్టిన ‘ఓస్ ముటాంటెస్’ అను యువబృందము. అర్నాల్డో బాప్టిస్టా, సెర్జియో డియాస్ అను సోదరులును, రీటా లీ అను యువతియు అందలి సభ్యులు. ఒకవైపున రోజెరియో డుప్రా స్వరపరచిన పాశ్చాత్య వాద్యబృందము, మరొకవైపున ఆఫ్రికా సంతతివారి ఒంటితీగ వింటివాద్యమైన బెరింబావు, నడుమ గిటారు. ఆ పాటకు ద్వితీయ బహుమానము లభించినది. ఊరేగింపులో నడచిన పాదములే ఆ వేదిక నెక్కినవి!

ఇట్టి సంగీతము చిరకాలము తన ఖండము దాటి అంతగా వినబడలేదు. ఓస్ ముటాంటెస్ పాటల సంకలనము 1999లో అమెరికాలో వెలువడిన పిదపనే పెక్కుమంది విదేశీశ్రోతలకు ఆ పేరు తెలిసినది. ఆలస్యముగా కనుగొన్న శ్రోతలు తఱచుగా వేయు ప్రశ్న యొకటి కలదు: ఈ తొలినాటి పాటలను ‘ప్రోగ్రెసివ్ రాక్’ అనవచ్చునా?

ఆంగ్లవిమర్శకుల దృష్టిలో ఆ పేరునకు కొన్ని లక్షణములున్నవి. దీర్ఘమైన రచన, మాటిమాటికి మారు తాళగతి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు కట్టడము, కవితాత్మకమైన సాహిత్యము అందులో ముఖ్యమైనవి. 1969లో వచ్చిన కింగ్ క్రిమ్సన్ బృందము వారి తొలి రికార్డును ఇందుకు ఆదర్శముగా చూపుదురు. ఈ కొలబద్దతో కొలిచినచో తొలి పాటలు పెక్కు నిలువవు. పెరూ రాజధాని లిమాలో 1965లో లోస్ సైకోస్ బృందము పాడిన ‘దెమోలిసియోన్’ కేకలతో నిండిన పొట్టిపాట; రైలుస్టేషనును కూలద్రోయుదమనుటయే అందలి విషయము. ఉరుగ్వేలోని లోస్ షేకర్స్ బృందమువారు 1960 దశకపు నడుమ బీటిల్స్ వేషముతో ఆంగ్లములోనే పాడిరి. కాని వారే 1968 నాటి రికార్డులో తమ మాంటెవిడియో నగరపు నల్లజాతివారి కందోంబే లయను, టాంగో ఛాయలను తమ పాటలలోనికి తెచ్చుకొనిరి. అనుకరణము ఒక మెట్టు. దానిపై ఆగిపోవుట వేరు, దానినుండి ముందునకు అడుగు వేయుట వేరు.

‘ప్రోగ్రెసివ్’ అను మాటకు తెలుగున ‘అభ్యుదయ’ యను పదము స్థిరపడినది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘము వెలసిన నాటినుండి ఆ పదము ‘నీవెవరి పక్షము?’ అని రచయితను ప్రశ్నించుచు వచ్చినది. సంగీతవిమర్శకుల ‘ప్రోగ్రెసివ్’ అట్లు ప్రశ్నింపదు; రచన ఎట్లు కట్టబడినదని మాత్రమే అడుగును. దక్షిణ అమెరికాలో ఈ రెండు ప్రశ్నలును ఒకదానితో నొకటి ఢీకొన్నవి. ప్రజాపక్షమువారిలో పలువురకు గిటారు సామ్రాజ్యవాదపు చిహ్నముగా తోచినది.

ఆ సంఘర్షణను చిలీ దేశపు విక్టర్ హారా తనదైన రీతిలో పరిష్కరించెను. ఆయన జానపద గాయకుడు, నాటక దర్శకుడు, కమ్యూనిస్టు. 1971లో వియత్నాము ప్రజలను, హోచిమిన్‌ను కీర్తించు పాటకు బ్లోప్స్ అను రాక్ బృందమునే తోడు పిలిచి ఎలక్ట్రిక్ గిటారును మ్రోగించెను. వాద్యము ఎక్కడ పుట్టినదను విచారణ కంటె అది ఏమి పలుకుచున్నదను విచారణయే ఆయనకు ముఖ్యమైనది. 1973 సెప్టెంబరులో అధికారము నాక్రమించిన సైనికులు ఆయనను బంధించి హతమార్చిరి.

బ్రెజిల్‌లోను సైనిక ప్రభుత్వము 1968 డిసెంబరులో ఉక్కుశాసనము విధించి, ఆ నెలలోనే జిల్‌ను, ఆయన మిత్రుడు కైటానో వెలోసోను నిర్బంధించినది. మరుసటి యేడు వారు లండనుకు ప్రవాసము పోవలసివచ్చినది. కొందఱు స్వదేశాభిమానులకు పరాయిదిగా తోచిన సంగీతమే పాలకులకు ప్రమాదకరముగా తోచుట గమనింపదగినది. ఆ జిల్ 2003లో తన దేశమునకు సాంస్కృతికశాఖ మంత్రి యయ్యెను.

ఆంగ్లపు కొలబద్దకు సైతము సంపూర్ణముగా నిలుచు రచన చిలీ బృందమైన లోస్ హైవాస్ వారిది. వారు 1963లో వీన్యా దెల్ మార్ పట్టణమున ‘హై అండ్ బాస్’ అను ఆంగ్లనామముతో నృత్యగీతములు వాయించుచు బయలుదేరిరి. తరువాత ఆ బాణీలను విడిచి, పేరును స్పానిష్ నోటికి అనువుగా మలచుకొని, ఆండీస్ పర్వతవాసుల చిన్న తంత్రీవాద్యమైన చరంగోను, వేణువువంటి కేనను చేపట్టిరి. 1973 నాటి సైనిక తిరుగుబాటు పిదప అర్జెంటీనాకు, 1977లో ఫ్రాన్సుకు వలసపోయిరి. పాబ్లో నెరూడా మాచూ పిచ్చూ శిథిలములపై రచించిన కావ్యమునకు ఆ ప్రవాసముననే స్వరకల్పన చేసి 1981లో వెలువరించిరి. అందలి యొక పాట పదకొండు నిమిషములకు పైగా సాగును. పియానో, సింథసైజరు, కేన, చరంగో కలసి పలుకును.

కొలబద్ద ఆ పాట నిడివిని చెప్పును, తాళగతుల మార్పును చెప్పును. కాని స్వదేశమునకు దూరమైనవారు ఆ పర్వతవాద్యములను ఏల గుండెకు హత్తుకొనిరో అది చెప్పజాలదు. కావున తొలినాటి పాటలన్నియు ‘ప్రోగ్రెసివ్ రాక్’ అనుట అతిశయోక్తి. వానిని వట్టి అనుకరణమని త్రోసివేయుట అన్యాయము. ఒక రచన ఎంత దూరము నడచినదో తెలియవలెనన్న, అది ఎచ్చట బయలుదేరినదో ముందుగా తెలియవలెను. లోస్ సైకోస్ కేకను, జిల్ పాటను, లోస్ హైవాస్ కావ్యగానమును వరుసగా వినిన విద్యార్థికి పదునాఱు సంవత్సరముల ఆ నడక తనంతట తానే వినబడును.