సాగుభూముల్లో వన్యప్రాణి సంరక్షణ: ఉద్దానం తీర ప్రాంత పరిస్థితి

వన్యప్రాణి సంరక్షణ అనగానే అభయారణ్యాలు, జాతీయ ఉద్యానవనాలు స్ఫురిస్తాయి. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలలో పరిస్థితి కొంత భిన్నం. ఇక్కడ నీటి పక్షులు గ్రామంలోని చెట్లపై గూళ్లు కడతాయి. ఎలుగుబంట్లు జీడిమామిడి, కొబ్బరి తోటలలో సంచరిస్తాయి. కాబట్టి వాటి మనుగడ అటవీ శాఖ చర్యలతో పాటు రైతు తన భూమిలో తీసుకునే నిర్ణయాలపై కూడా ఆధారపడి ఉంటుంది.

టెక్కలి మండలంలోని తేలినీలాపురం ఇందుకు చక్కని ఉదాహరణ. ఏటా వానాకాలం ముగిసే వేళకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇక్కడికి చేరుతాయి. చింత తదితర చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలు ఎగరనేర్చిన తరువాత వేసవి నాటికి తరలిపోతాయి. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల వలె గ్రామస్థులు వీటిని ఆదరిస్తారు. ఇవి సైబీరియా నుండి వస్తాయన్న ప్రచారం ఉన్నప్పటికీ, ఈ రెండు జాతులూ దక్షిణ, ఆగ్నేయాసియాకు చెందినవే. ఇవి చలికాలం గడపడానికి కాక, సంతానోత్పత్తికే ఈ గ్రామానికి వస్తాయి. కనుక గూటి చెట్టు ఒక్కటి పోయినా ఆ మేరకు తరువాతి తరానికి చోటు తగ్గుతుంది.

చెట్లు నిలిచినంత మాత్రాన సరిపోదు. ఈ పక్షులకు ఆహారం నౌపడ చిత్తడి నేలలు, పరిసర చెరువుల నుండి లభిస్తుంది. 2021 చివర, 2022 ఆరంభంలో ఇక్కడ అనేక గూడబాతులు మరణించగా, పరాన్నజీవులైన నులిపురుగుల తాకిడి కారణమని పరీక్షలలో గుర్తించారు. ఇటువంటి పురుగుల లార్వాలు చేపల ద్వారా పక్షుల శరీరంలోకి ప్రవేశిస్తాయి. అంటే చేపల చెరువుల నిర్వహణ కూడా పక్షి సంరక్షణలో భాగమే.

ఎలుగుబంటి సమస్య మరింత క్లిష్టమైనది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూలు దీనికి రక్షణ కల్పిస్తున్నది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను విస్తారంగా కూల్చివేసి రైతు ఆదాయాన్ని దెబ్బతీసింది. నష్టపోయిన రైతు తోటకు వెళ్లడానికే భయపడవలసి వస్తే అతని నుండి సంరక్షణ భావం ఆశించడం కష్టం. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి దాడిలో ఒకరు మరణించి, పలువురు గాయపడ్డారు. పట్టుబడిన ఎలుగు కూడా ప్రాణాలు కోల్పోయింది.

ఈ నేపథ్యంలో విస్తరణ శాస్త్రవేత్తలు చేపట్టదగిన పనులు ఇవి. గింజ తీసుకున్న తరువాత తోటలో వదిలివేసే జీడిపండ్లు, రాలిన పనసపండ్లు ఎలుగులను ఆకర్షిస్తాయి. వాటిని ఏ రోజుకారోజు సేకరించి కంపోస్టుకు మళ్లించే పద్ధతిని రైతులకు నేర్పాలి. తోట బాటల వెంట పొదలను తొలగించాలని, వేకువన, సందెవేళ ఒంటరిగా వెళ్లరాదని సూచించాలి. గూటి చెట్ల కొమ్మలను పిల్లలు ఎగిరే వరకు నరకకుండా యజమానులను ఒప్పించాలి. వృద్ధ వృక్షాలు కూలకముందే వాటి చెంత కొత్త మొక్కలు నాటించాలి. చెరువులలో చేపల ఆరోగ్యాన్ని మత్స్య, పశువైద్య నిపుణులతో కలిసి క్రమం తప్పకుండా పరీక్షించాలి.

పక్షులకు చోటిచ్చిన గ్రామస్థుడు, ఎలుగు తిరిగే తోటలో పనిచేసే రైతు ఇప్పటికే సంరక్షణ భారాన్ని మోస్తున్నారు. ఆ భారాన్ని తగ్గించే సాంకేతిక సలహా వారికి సకాలంలో అందినప్పుడే ఈ తీరంలో జీవవైవిధ్యం నిలుస్తుంది.