శీర్షిక పట్టీ వెనక ఎందుకు దాక్కుంటుంది?

వెబ్ పేజీ విషయసూచికలో ‘మూడో అధ్యాయం’ నొక్కారు. పేజీ జరిగింది కానీ అధ్యాయం పేరే కనిపించదు. లింకు తప్పా?

కాదు. బ్రౌజర్ తన పని సరిగ్గానే చేసింది. లింకులో హ్యాష్ గుర్తు తర్వాత ఉన్న పేరును పేజీలో వెతికి, ఆ చోటును తెర పైఅంచుకు ఆనించింది. చిక్కల్లా అక్కడ ముందే తిష్ఠ వేసుకున్న మెనూ పట్టీతోనే. ‘ఫిక్స్‌డ్’ పట్టీ పేజీలో చోటు తీసుకోదు. బస్సు అద్దానికి అంటించిన స్టిక్కరులా, వెనక రోడ్డు ఎంత కదిలినా అది అక్కడే. దాని ఎత్తు బ్రౌజర్ లెక్కలోకి రాదు.

ఆ లెక్క మనం చెప్పాలి. పట్టీ ఎత్తు 80 పిక్సెళ్లయితే, సీఎస్ఎస్‌లో పేజీ మొత్తానికి స్క్రోల్-పాడింగ్-టాప్ 90 పిక్సెళ్లు ఇవ్వండి. శీర్షిక పట్టీకి 10 పిక్సెళ్ల కింద ఆగుతుంది. ఏదో ఒక్క శీర్షికకే కావాలంటే స్క్రోల్-మార్జిన్-టాప్ ఉంది.

ఇవి రాకముందు శీర్షిక పైన పాడింగ్ పెంచి, అంతే రుణ మార్జిన్ ఇచ్చి బ్రౌజర్‌ను బురిడీ కొట్టించేవారు. ఉపాయం ముచ్చటైనదే! కానీ కనిపించని ఆ పాడింగ్ ఒక్కోసారి పైనున్న లింకులను కప్పేసి నొక్కనివ్వదు.

ఫోనులో మెనూ రెండు వరుసలైతే 80 కాస్తా 120 కావచ్చు. అందుకే ఎత్తును ఒక సీఎస్ఎస్ వేరియబుల్‌లో ఉంచి, చిన్న తెరకు దాని విలువ మార్చి, పట్టీకీ స్క్రోల్-పాడింగ్‌కీ దాన్నే వాడండి.