ఉద్దానంలో అతిథి ధర్మం

శ్రీకాకుళం తీరంలోని కవిటి, సోంపేట, కంచిలి తదితర ప్రాంతాలకు ఉద్దానమని పేరు. కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన నేల అది. అక్కడ ఎవరింట బస చేసినా, ముందుగా అతిథి చేతికి అందేది కొబ్బరి బొండం.

అయితే ఆ బొండం కొట్టి ఇచ్చిన ఇంటి యజమానే దానిని త్రాగలేని స్థితిలో ఉండవచ్చు. దశాబ్దాలుగా ఉద్దానాన్ని మూత్రపిండాల వ్యాధి పీడిస్తోంది. మూలకారణం ఇప్పటికీ తేలలేదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. చెడిన మూత్రపిండాలు దానిని విసర్జించలేవు. అది గుండెకే ముప్పు తెస్తుంది. డయాలసిస్ రోగి సాధారణంగా వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళవలసి ఉంటుంది. దీనికి తోడు 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చింది. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది.

అతిథిని గౌరవించమని ఆదేశించిన దైవప్రవక్త (సఅసం), ఆతిథ్యానికి మూడు రోజుల హద్దు కూడా నిర్ణయించారు. పెట్టడానికి ఏమీ లేని ఇంట తిష్ఠవేసి ఆతిథేయుణ్ణి ఇరకాటంలో పడవేయడం తగదని బోధించారు. మనం మొదటి ఆదేశాన్ని తరచుగా చెప్పుకుంటాం, రెండవదాన్ని మరచిపోతాం.

కనుక ఉద్దానంలో బంధుమిత్రుల ఇంటికి వెళ్ళేవారు డయాలసిస్ రోజులేవో ముందే కనుక్కోవాలి. రోగికి తోడుగా పలాస ఆసుపత్రికి వెళ్ళి, ఆ ఒక్క పూట ఇంటివారికి విశ్రాంతినివ్వాలి. ఇచ్చిన బొండాన్ని మాత్రం కాదనకండి. తాను త్రాగలేనిదానిని మనకు ప్రేమతో అందిస్తున్న చేయి అది.