వెలికి వెరవని ఇల్లు

వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. తెలుగునాట అది పెళ్లిపందిరి దాకా రావడానికి పాతికేళ్లు పట్టింది. 1881 డిసెంబరు 11 రాత్రి రాజమహేంద్రవరంలో, కందుకూరి వీరేశలింగం ఇంట్లో ఆ తొలి పెళ్లి జరిగింది. ఆ ఇల్లు ఇప్పుడు పురావస్తు శాఖ సంరక్షణలో మ్యూజియంగా ఉంది.

మన బందరు వాళ్లకు ఆయన పరాయివాడు కాదు. ఇక్కడి నుంచి వెలువడిన ‘పురుషార్థ ప్రదాయిని’లో పంతులుగారు రాశారు. 1874లో సొంతంగా ‘వివేకవర్ధని’ పెట్టారు, ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచారు.

కానీ ఆ ఇంటికి వెళ్తే ముందు తలచుకోవలసింది ఆయన్ని కాదు, రాజ్యలక్ష్మమ్మను. పెళ్లి మాట బయటికి రాగానే బంధువులు రాకపోకలు మానేశారు. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు తెచ్చేవాళ్లూ మొహం చాటేశారు. ఆవిడే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చారు, పెళ్లివారికి వండి వడ్డించారు. ఆ తర్వాత వెలి వచ్చింది. ప్రాయశ్చిత్తం చేయించుకుని తప్పుకున్న మిత్రులూ ఉన్నారు. ఆవిడ తప్పుకోలేదు. దిక్కులేక వచ్చిన వితంతువులకు 1910లో కన్నుమూసేదాకా తల్లిలా నిలిచారు. ఉపన్యాసాలైతే పుస్తకాలకెక్కాయి. ఈ చాకిరీ జరిగింది ఫలానా చోటని చూపించాలంటే మాత్రం ఇల్లు మిగిలి ఉండాలి.

ఇలా మిగిలిన ఇల్లు అమెరికాలోనూ ఉంది. అక్కడి మాంట్‌గోమరీలో నల్లజాతి హక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ కుటుంబం ఉన్న ఇంటిపై 1956 జనవరి 30న బాంబు వేశారు. అప్పుడు లోపల ఆయన భార్య కొరెట్టా, చంటిబిడ్డ ఉన్నారు. ఆ ఇల్లూ నేడు మ్యూజియమే. వచ్చినవాళ్లు అక్కడి వంటగదిలో తప్పక ఆగుతారు. హక్కుల పోరాటం సభల్లోనే కాదు, ఇంటి ఆడవాళ్ల రెక్కల కష్టం మీదా నడిచిందని రెండు ఊళ్లూ చెబుతున్నాయి.

మరి మన కృష్ణా తీరం? రఘుపతి వెంకటరత్నం నాయుడు 1862లో బందరులో పుట్టారు. దళిత విద్యార్థులకు అండగా నిలిచారు, మద్రాసు విశ్వవిద్యాలయం ఉపకులపతి అయ్యారు. బందరు హిందూ కళాశాలలో పాఠాలు చెప్పిన గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, కులాల గీత చెరిపి అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. గ్రహణం వేళ గర్భిణి బయటికి రాకూడదంటే, కడుపుతో ఉండి గ్రహణాన్ని చూసిన మనిషి ఆయన భార్య సరస్వతి. 1947లో కేంద్రం విజయవాడకు తరలింది.

ముదునూరు గుడివాడకు దూరమేమీ కాదు. ఆ పంక్తిభోజనాలు ఏ వాకిట్లో జరిగాయో, ఎవరు వండారో, ఎవరు వడ్డించారో, ఊళ్లో ఎవరు మాటలు పడ్డారో పెద్దవాళ్ల ఇళ్లలో విన్నవాళ్లు ఇంకా దొరుకుతారు. బడిపిల్లలను రాజమండ్రి ఇంటికి విహారయాత్రకు తీసుకెళ్లే పంతుళ్లు, తిరిగొచ్చాక ఒక పలక పట్టించి ముదునూరు వీధుల్లోకీ పంపాలి. ఆ వాకిళ్లను గుర్తించి, పేర్లు రాయించే పని జిల్లా యంత్రాంగం ఈ ఏడే మొదలుపెట్టాలి.