కాలు ఊడ్చి పడేయడానికి బలం ఎంత కావాలి?

జూడో పోటీ చూసేటప్పుడు చాలామందికి వచ్చే సందేహం ఇది. ఇద్దరు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని అటూ ఇటూ కదులుతుంటారు. ఉన్నట్టుండి ఒకరి పాదం అవతలివారి పాదాన్ని పక్కనుంచి తాకుతుంది, తాకించుకున్నవారు నేలమీద ఉంటారు. పడేసినవారి ముఖంలో శ్రమే కనబడదు. పడినవారు కావాలని పడ్డారేమో అని కూడా అనిపిస్తుంది. కావాలని పడరు. ఆ దెబ్బకు బలం నిజంగానే అంత తక్కువ చాలు. ఎంత తక్కువో లెక్క వేసి చూద్దాం. లెక్క తెలిస్తే నేర్చుకునే పద్ధతి కూడా మారుతుంది.

ముందుగా దీని పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా. 1882లో జిగోరో కానో అనే యువ అధ్యాపకుడు టోక్యోలోని ఎయిషోజీ ఆలయంలో 12 చాపల గదిలో జూడో బడి మొదలుపెట్టాడు. మొదటి ఏడాది శిష్యులు 9 మంది. ఆ బడే కోడోకాన్. 1920లో సవరించిన పాఠ్యక్రమంలో 40 పడవేతలను 8 చొప్పున 5 వరుసలుగా పేర్చారు. మొదటి వరుసలో మొదటిది ‘దెయాషి బరాయ్’, అంటే ముందుకు వస్తున్న పాదాన్ని అరికాలితో ఊడ్చడం. ఇవాళ కోడోకాన్ గుర్తించిన పడవేతలు 68. వాటిలో కాలితో చేసేవి 21, దాదాపు మూడో వంతు. మన ఊళ్లలో జూడో కంటే ఎక్కువగా కనబడే కరాటే తరగతుల్లో కూడా ఈ ఊడ్పు ఉంటుంది.

పాఠంలో మొదటిది కదా, సులువుగా వచ్చేస్తుందా? చూపించడానికి సులువు. చేతికి, అంటే కాలికి, అందడానికి మాత్రం మిగతావాటికన్నా ఆలస్యమవుతుంది. బలంతో లాక్కొచ్చే పడవేతలు ముందు వస్తాయి, సమయం మీద నడిచే ఇది తర్వాత వస్తుంది.

ఇది పిల్లలు ఆటల్లో కాలు అడ్డం పెట్టి పడేయడం లాంటిదేనా అని అడగవచ్చు. కాదు. కాలు అడ్డం పెడితే అవతలి మనిషి తన వేగంతో తానే తట్టుకుని ముందుకు పడతాడు. ఊడ్పులో అతను బరువు మోపబోతున్న పాదాన్ని, అది వెళ్తున్న దిక్కుకే ఇంకాస్త ముందుకు జరిపేస్తాం. నిలబడదామనుకున్న చోట పాదం ఉండదు. అంతే జరిగేది.

ఇక అసలు లెక్క. అవతలి మనిషి బరువు 60 కిలోలు అనుకుందాం. రెండు కాళ్ల మీద సమంగా నిలబడితే ఒక్కో పాదం మీద 30 కిలోలు. పాదాన్ని నేలమీద జరపాలంటే ఘర్షణను, అంటే అరికాలికీ మ్యాట్‌కీ మధ్య ఉండే పట్టును, దాటాలి. ఆ పట్టు పాదం మీది బరువులో సగం ఉంటుందని ఉజ్జాయింపుగా తీసుకుందాం. అప్పుడు నిలబడి ఉన్న పాదాన్ని జరపడానికి 15 కిలోల బలం కావాలి. బరువంతా ఆ ఒక్క కాలి మీదే ఉంటే 30 కిలోలు. వంటింట్లోని నిండు గ్యాస్ బండలో గ్యాస్ 14.2 కిలోలు, ఇనుము ఇంచుమించు అంతే, మొత్తం 30 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ బండను నేలమీంచి ఎత్తేంత బలాన్ని ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి అరికాలితో పెట్టాలన్నమాట. ఎవరికీ కుదిరే పని కాదు. అదే పాదం ఇప్పుడే నేలను తాకి, ఒంటి బరువులో పదో వంతు, అంటే 6 కిలోలే దాని మీద పడ్డప్పుడైతే? 3 కిలోల బలం చాలు. మనిషి అదే, పాదం అదే, పని పదింతలు తేలికయింది.

ఇక్కడ చురుకైన పాఠకులకు ఇంకో సందేహం రావాలి. అలాగైతే పాదం పూర్తిగా గాల్లో ఉన్నప్పుడే తోసేస్తే ఇంకా తేలిక కదా? తోయడం తేలికే, పడేయడం కాదు. పాదం గాల్లో ఉన్నప్పుడు ఒంటి బరువు రెండో కాలి మీద భద్రంగా ఉంటుంది. మీరు తోస్తే అతను ఆ పాదాన్ని ఇంకోచోట పెట్టుకుంటాడు. బరువు కొత్త పాదం వైపు బయల్దేరాలి, వెనక్కి తీసుకోలేనంత దూరం రావాలి, కానీ పాదం మీద పూర్తిగా కూర్చోకూడదు. ఆ మధ్యనున్న ఘడియే మనది.

ఆ ఘడియ ఎంతసేపు? మామూలు నడకలో ఒక కాలు నేలను తాకిన క్షణం నుంచి అదే కాలు మళ్లీ తాకేవరకు సుమారు 1.1 సెకన్లు పడుతుంది. అందులో దాదాపు 60 శాతం ఆ పాదం నేలమీద, 40 శాతం గాల్లో. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారేటప్పుడు రెండు పాదాలూ నేలమీదే ఉండే భాగం ఒక్కోసారికి సుమారు 10 శాతం, అంటే సెకనులో పదో వంతు. మ్యాట్ మీద నడక కాస్త నిదానం, పాదాలు నేలను రాసుకుంటూ కదులుతాయి కాబట్టి వ్యవధి కొంచెం పెరుగుతుంది. అయినా చాలా చిన్నదే.

దీన్ని మన స్పందన వేగంతో పోల్చి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. కంటితో చూసి కదలడానికి మనిషికి ఐదో వంతు సెకను లేదా ఇంకాస్త ఎక్కువే కావాలి. స్పర్శకు స్పందించడం దానికన్నా కొంచెం త్వరగా జరుగుతుంది. మనకు దొరికే అవకాశం పదో వంతు సెకను. అంటే పాదం నేలను తాకడం చూశాక కాలు కదిపితే అప్పటికే పుణ్యకాలం దాటిపోయి ఉంటుంది. చాలామంది నెలల తరబడి అవతలివారి పాదాల వైపే చూస్తూ సాధన చేసి, ‘నా కాళ్లలో వేగం లేదు’ అని నిరాశపడతారు. వేగం ఎంత పెంచినా ఆ తేడా పూడదు. పాదం ఎప్పుడు పడుతుందో కనిపెట్టడం కాదు, మనమే పడేలా చేయాలి.

అందుకే కాలి పనిలా కనబడే ఈ విద్య చేతుల్లో మొదలవుతుంది. మీ ఎడమ చెయ్యి అవతలివారి కుడి మోచేతి దగ్గర చొక్కా చేతిని పట్టుకుని ఉంటుంది. కుడి చెయ్యి మెడపట్టీని పట్టుకుని ఉంటుంది. మీరు కుడికాలు వెనక్కి వేస్తూ మెల్లగా లాగితే, తూలిపోకుండా ఉండడానికి అతను కుడికాలు ముందుకు వేయక తప్పదు. ఆ అడుగు మీరు వేయించినది కాబట్టి అది ఎప్పుడు నేలను తాకుతుందో మీకు ముందే తెలుసు. పాదం ఆనుతుండగా మీ ఎడమ అరికాలు చీలమండ బయటివైపున, కింది భాగాన తాకాలి. అదే క్షణంలో ఎడమ చెయ్యి చొక్కాను నేలవైపు లాగాలి. కాలు ఒక దిక్కుకు, చెయ్యి ఇంకో దిక్కుకు. రెండింటిలో ఏది లేకపోయినా అతను గెంతి తప్పించుకుంటాడు.

చూపు మీద ఆధారపడనక్కర్లేదనడానికి గట్టి ఉదాహరణ మనవాళ్లలోనే ఉంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మధ్యప్రదేశ్‌కు చెందిన కపిల్ పర్మార్ 60 కిలోల విభాగంలో కాంస్యం గెలిచాడు. ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండూ కలిపినా జూడోలో భారత్‌కు అదే తొలి పతకం. దృష్టిలోపం ఉన్నవారి ఈ పోటీ ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నాకే మొదలవుతుంది. అవతలివారి బరువు ఎటు మొగ్గుతోందో చొక్కా పట్టిన చేతులే చెబుతాయి. చూపున్నవారు కూడా అలవాటైన జోడీతో, పక్కన గురువు ఉన్నప్పుడు, కాసేపు కళ్లు మూసుకుని నెమ్మదిగా నడిచి చూడండి. నా దృష్టిలో దీనికి మించిన సాధన లేదు.

‘నేను సన్నగా ఉంటాను, ఎదుటివారు 100 కిలోలు ఉంటే?’ అదే లెక్క వేయండి. పదో వంతు అంటే 10 కిలోలు, ఘర్షణ అందులో సగం, 5 కిలోలు. మీ కాలు దాటగల అంకె అది. సమయం తప్పితే మాత్రం 50 కిలోలు, గోడను తన్నినట్టే. బరువైనవారితో తప్పుకు చోటు తగ్గుతుంది, అవకాశం పోదు.

పొడుగు సంగతి కూడా చూద్దాం. 165 సెంటీమీటర్ల మనిషిలో గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒకేచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, నేలనుంచి సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో, బొడ్డు దగ్గర ఉంటుంది. పాదాలు 40 సెంటీమీటర్ల వెడల్పున పెట్టి నిలబడితే అతన్ని పక్కకు పడేయడానికి 12 డిగ్రీలకు పైగా వంచాలి. ఒంటికాలి మీద, 10 సెంటీమీటర్ల వెడల్పు పాదంపై ఉంటే 3 డిగ్రీలు దాటితే చాలు. ఆ బిందువు 5 సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్ల వెడల్పు, పక్కకు జరిగితే పాదం అంచు దాటేసినట్టే. ఎదుటివారు పొడుగైతే ఈ కోణం పెద్దగా మారదు, కాబట్టి పొడుగును చూసి బెంగపడనక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. ‘గారి’ అనే మరో జాతి కాలి పడవేతలు ఉన్నాయి. వీటిలో కాలిని కొడవలితో కోసినట్టు వెనకనుంచి లాగుతారు. ‘ఓసోతో గారి’ వాటిలో ప్రసిద్ధం. అక్కడ సూత్రం తలకిందులు. ఎదుటివారి బరువును ముందు మడమ మీదికి నెట్టి, కదలలేకుండా చేసి, అప్పుడు ఆ కాలిని తీసేస్తారు. కొత్తవాళ్లు ఈ రెంటినీ కలిపేసి, బరువున్న కాలిని అరికాలితో ఊడ్వబోతారు. జరిగేదల్లా ఎముకకు ఎముక తగిలి ఇద్దరికీ నొప్పి. మీ పాదం తాకగానే ‘టక్’మని చప్పుడైతే, అవతలి మనిషి ‘అబ్బా’ అంటే, మీరు ఆలస్యమయ్యారని అర్థం. సరైన ఊడ్పు దాదాపు నొప్పి లేకుండా పడేస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది, అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసినది పడడం. తల ఒకటిన్నర మీటరు ఎత్తునుంచి అడ్డులేకుండా పడితే నేలను తాకేసరికి వేగం గంటకు 19 కిలోమీటర్లు దాటుతుంది. మ్యాట్ మందం సాధారణంగా 4 సెంటీమీటర్లు. తల విషయంలో దాన్ని నమ్ముకోకూడదు. 1983 తర్వాతి మూడు దశాబ్దాల లోపే జపాన్ పాఠశాలల్లో జూడో చేస్తూ వందమందికి పైగా విద్యార్థులు చనిపోయారు. ఎక్కువ భాగం తలకు తగిలిన దెబ్బల వల్లే, అదీ ఎక్కువగా కొత్తవాళ్లే. జూడో పుట్టిన దేశంలోనే ఇలా జరిగింది కాబట్టి ఈ మాటను తేలిగ్గా తీసుకోవద్దు.

పడే విద్యను ‘ఉకేమి’ అంటారు. గడ్డం గుండెకు ఆనించి సొంత నడికట్టు ముడి వైపు చూడాలి, అప్పుడు తల వెనక్కి వాలదు. చెయ్యి ఒంటికి 30 నుంచి 45 డిగ్రీల దూరంలో ఉంచి, అరచేయి నుంచి ముంజేయి దాకా ఒక్కసారే మ్యాట్‌ను చరచాలి, దెబ్బ ఎక్కువ వైశాల్యం మీదికి పరుచుకుంటుంది. చెయ్యి మాత్రం నేలకు ఊనకూడదు, మణికట్లు విరిగేది అలాగే. మొదట పడుకుని, తర్వాత కూర్చుని, గొంతుక్కూర్చుని, చివరికి నిలబడి, ఈ వరుసలోనే సాధన చేయాలి. పడేసేవారికీ ఒక బాధ్యత ఉంది. అవతలివారు నేలకు చేరుతుండగా చొక్కా చేతిని వదలకుండా పైకి లాగి పట్టుకోవాలి, తల నేలను తాకకుండా అదే కాపాడుతుంది. చొక్కా వదిలేసేవారితో సాధన చేయనని చెప్పడానికి మొహమాటపడకండి.

రోజుకు ఎంత సమయం కావాలి? పడేయకుండా, తాకే క్షణం వరకే చేసే సాధనను ‘ఉచికోమి’ అంటారు. ఒక్కోటి 3 సెకన్లు అనుకుంటే వైపుకు 50 చొప్పున రెండు వైపులా 100, మొత్తం 5 నిమిషాలు. వారానికి 3 రోజులు, ఏడాదికి 50 వారాలు చేస్తే 15,000 సార్లు. అయితే నిలబడి ఉన్న జోడీ మీద చేసిన 15,000 ఈ విద్యకు పెద్దగా అక్కరకు రావు. నిలబడినవారి పాదం మీద ఎప్పుడూ 30 కిలోలు ఉంటాయి కాబట్టి తప్పు సమయమే అలవాటవుతుంది. జోడీ నడవాలి, మీరూ నడవాలి.

బయట రోడ్డు మీద ఆత్మరక్షణకు పనికొస్తుందా అని అడిగేవారికి చెప్పేదొకటే: ఇది మీద పడినవాణ్ని పడేయగలదు, కానీ సిమెంటు నేల మీద ఆ 19 కిలోమీటర్ల వేగం ప్రాణం తీయగలదు. వీలైనంతవరకు తప్పించుకుని పారిపోవడమే నయం.

చేరబోయే తరగతిని ఎంచుకునేటప్పుడు ఒక్క రోజు పక్కన కూర్చుని చూడండి. కొత్తవాళ్లకు మొదటి వారాల్లో ఏం నేర్పుతున్నారు, పడడమా, పడేయడమా? మ్యాట్ల మధ్య కాలివేలు ఇరుక్కునే సందులున్నాయా? పెద్దవాళ్ల చేత చిన్నపిల్లల్ని పడేయిస్తున్నారా? తలకు దెబ్బ తగిలిందన్నవాణ్ని ఆ పూటకు ఆపేసి డాక్టరు దగ్గరికి పంపుతున్నారా? ఫీజు ఎంతో అడగడానికి ముందు ఈ నాలుగూ చూసుకోండి.