వైనంటే ద్రాక్షరసం, బీరంటే బార్లీ నీళ్లేనా?

"వైను మందు కాదురా, ద్రాక్షరసం!" అంటూ కారెక్కాడు మావాడొకడు. మార్చి మొదటి ఆదివారం నలుగురం బెంగళూరు నుంచి బయల్దేరాం. పొద్దున నంది కొండల దిగువన వైనరీ, సాయంత్రం ఇందిరానగర్‌లో బీరు అక్కడికక్కడే కాచే బ్రూవరీ. దారి పొడవునా ఇలాంటి మాటలే. కొన్ని నేనూ నమ్మినవే.

ఆ కొండల కింద ఫ్రెంచ్ రకాల ద్రాక్ష 1980ల చివర్లో కన్వల్ గ్రోవర్ అనే ఆయన పుణ్యమా అని వేళ్లూనింది. తోటలో గుత్తులు చూసి మావాళ్లు పెదవి విరిచారు. కాయ బఠాణీ గింజకంటే కాస్త పెద్దది, అంతే. హైదరాబాద్ అనాబ్-ఎ-షాహీలా బొద్దుగా లేకపోతే అది మంచి ద్రాక్ష కాదని మన లెక్క. నిజానికి వైనుకి కావలసింది ఈ చిన్న కాయే. తోలు మందం, లోపల గింజలు, తీపి మాత్రం మనం తినే ద్రాక్షకన్నా ఎక్కువ. ఆ తీపిని ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. తీపంతా అయిపోతుంది కాబట్టే చాలా వైన్లు వగరుగా, పుల్లగా ఉంటాయి. "ద్రాక్షరసం" అనుకుని మొదటి గుక్క తాగిన మావాడి మొహం చూడాలి!

రెడ్ వైనుకి రంగు కలుపుతారన్నది ఇంకో అనుమానం. తోట చూపించే అబ్బాయి నల్లటి షిరాజ్ కాయొకటి కోసి నా అరచేతిలో పిండాడు. కారిన రసానికి దాదాపు రంగే లేదు. ఎరుపంతా తోలులో ఉంటుంది. తోలుతో కలిపి పులియబెడితే రెడ్ వైను. నల్ల ద్రాక్షనైనా వెంటనే పిండి తోలు తీసేస్తే వైట్ వైను తయారవుతుంది.

"పాతబడేకొద్దీ గొప్ప" అన్నమాట కొద్ది వైన్లకే చెల్లుతుంది. ఎక్కువ శాతం రెండు మూడేళ్లలో తాగేయాల్సినవే. పెళ్లి కానుకగా వచ్చిన సీసాని బీరువాలో పదేళ్లు దాచినవాళ్లకి ఈ ముక్క చెప్పడం కష్టమే.

అసలు సంగతి రుచి చూసే గదిలో ఉంది. బల్ల మీద ఉమ్మడానికి ఒక పాత్ర పెట్టారు. రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లు నోట్లో తిప్పి అందులో ఉమ్మేస్తారు. "డబ్బులిచ్చి ఉమ్మేస్తామా?" అని మావాళ్లు గుటుక్కున మింగారు. ఐదు గ్లాసులు, ఒక్కోటి 40 మిల్లీలీటర్లు అనుకోండి. మొత్తం 200. వైనులో ఆల్కహాల్ 13 శాతమైతే అందులో 26 మిల్లీలీటర్ల అసలు సరుకు ఉన్నట్టు. మన విస్కీ 42.8 శాతం కాబట్టి 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులోనూ అంతే. 5 శాతం బీరు అర లీటరులోనూ దాదాపు అంతే. పేరు మారిందిగానీ కాలేయానికి పడే చాకిరీ ఒక్కటే. "రెడ్ వైను గుండెకు మంచిది" అన్న మాట కూడా నిలబడలేదు. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది.

బ్రూవరీలో రాగి ట్యాంకుల పక్కన బార్లీ మాల్టు పిడికెడు చేతిలో పోశారు. నమిలితే కరకరలాడుతూ తియ్యగా ఉంది. మాల్టంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజే, మనింట్లో రాగి మాల్టుకి మొలకలు కట్టినట్టే. మొలకెత్తిన గింజలోని పిండి వేడినీళ్లలో చక్కెరగా మారుతుంది, తర్వాత పని ఈస్ట్‌ది. నల్ల బీరు ఘాటన్నదీ అపోహే. ఆ నలుపు మాడేలా వేయించిన గింజల వల్ల వచ్చింది. పేరుమోసిన గిన్నిస్ డ్రాట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే.

ఇక మన జిల్లాల్లో ఊరూరా వినిపించేది: "బీరు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయి." కరగవు. ఆల్కహాల్ మూత్రాన్ని ఎక్కువగా పోయిస్తుంది, ఒంట్లో నీళ్లు తగ్గిస్తుంది. పైగా బీరు యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, ఒక రకం రాళ్లు దానితోనే తయారవుతాయి. బార్లీ నీళ్లు కావాలంటే ఇంట్లో కాచుకోవచ్చు, ఖర్చూ తక్కువ.

రాత్రి మావాడు మజ్జిగ తాగి, "దిగిపోయింది, నేను నడుపుతా" అని చెయ్యి చాపాడు. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం దేనివల్లా రక్తంలోని ఆల్కహాల్ తగ్గదు. కాలేయం గంటకు సుమారు 7, 8 గ్రాములే కరిగిస్తుంది, తొందరపెట్టినా వినదు. తాళాలు ఆ రోజు చుక్క ముట్టని మా నాలుగోవాడి జేబులో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మన చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. దాటి దొరికితే మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నంది వైపు వెళ్లేవాళ్లు తాగని స్నేహితుణ్ణి ఒకణ్ణి వెంటేసుకెళ్లండి. ఆ రోజు అతని భోజనం ఖర్చు మీది.